సంచిలో మిగిలిన నాలుగు పొట్లాలు – పొందిన కృప, పంచని కృప

  ఎక్కడెక్కడి నుంచో చూస్తున్నారు. అమలాపురం, రాజోలు, కొత్తపేట నుంచి చూస్తున్నవాళ్లున్నారు. కువైట్‌లో, మస్కట్‌లో పని ముగించుకుని రాత్రిపూట ఫోన్‌లో చూస్తున్న అక్కచెల్లెళ్లున్నారు. 

ఈరోజు కృప గురించి మాట్లాడుకుందాం. కృప అనే మాట మనకి బాగా అలవాటైపోయింది. "ఎలా ఉన్నారండీ?" అంటే "దేవుని కృప వల్ల బాగున్నామండి" అంటాం. ఇంటి గోడ మీద రాయించుకుంటాం, ఆటో వెనకాల రాయించుకుంటాం. కానీ కష్టం ఇంట్లోకి వచ్చి కూర్చున్నప్పుడు ఆ కృప ఎక్కడుంటుంది? అది ఏ రూపంలో వస్తుంది? వచ్చాక మనం దాన్ని ఏం చేస్తాం? ఇవే ఈరోజు మన ముందున్న ప్రశ్నలు. ముందే చెప్పేస్తున్నాను, ఈరోజు నేను చెప్పే సంగతిలో నాకు గొప్పేమీ లేదు. నేను తప్పిపోయిన సంగతే చెప్పబోతున్నాను.

1996 నవంబరు 6, బుధవారం. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్లకి ఆ తారీఖు చెప్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. తెలియని పిల్లల కోసం చెప్తున్నాను. ఆ రాత్రి కాకినాడకి దక్షిణంగా పెద్ద తుఫాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. సముద్రం మీదికి వేటకి వెళ్లిన వందలమంది మత్స్యకారులు తిరిగి రాలేదు. లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి. కొన్ని వేళ్లతో సహా లేచిపోయాయి, కొన్ని నడుముకి విరిగిపోయాయి. తెల్లారి లేచి చూస్తే ఎప్పుడూ కనపడని దూరం కనపడింది. ఊరికీ ఊరికీ మధ్య అడ్డంగా ఉండే తోటలు లేవు. పక్క ఊరి గుడి గోపురం మా ఇంటి దగ్గర్నుంచి కనపడుతోంది. అది చూసి మా నాన్న నేల మీద కూలబడిపోయాడు.

నాకప్పుడు 11 ఏళ్లు. మాది సముద్రానికి దగ్గర ఊరు, ఊరి చివర పేట. మాది తాటాకు పాక. సొంతంగా ముప్పై సెంట్ల దొడ్డి, కౌలుకి ఒక ఎకరం తోట. రెండూ కలిపి ఎనభై చెట్ల దాకా ఉండేవి. ఆ చెట్ల మీదే మా చదువు, మందు, బట్ట. రెండు నెలలకోసారి దింపు తీయిస్తే ఇంట్లో నాలుగు రూపాయలు ఆడేవి. తుఫాను తర్వాత లెక్కపెడితే పదకొండు చెట్లు నిలబడి ఉన్నాయి.

ఆ రాత్రి ఏం జరిగిందంటే, సాయంత్రం నుంచే గాలి మొదలైంది. చీకటి పడేసరికి పాక పైకప్పు లేచిపోయింది. మా నాన్న నన్నూ చెల్లినీ చెరో చంకలో ఇరికించుకున్నాడు. అమ్మ నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. ఎక్కడికెళ్లాలి? మందిరం రేకులు అప్పటికే ఎగిరిపోయాయి. దగ్గరలో గట్టిగా ఉన్న ఇల్లు ఒక్కటే, రోడ్డు పక్క డాబా. ఆ ఇంటావిడని ఊళ్లో పిల్లలందరం పెద్దమ్మగారు అనేవాళ్లం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలండి. ఆ ఇంటికీ మాకూ రెండేళ్లుగా మాటల్లేవు. మేము కౌలుకి చేసే తోట పక్కనే వాళ్ల తోట. మధ్యలో గట్టు. ఆ గట్టు మీద ఉన్న మూడు చెట్లు ఎవరివి అని తగువు. మా నాన్న కోపిష్టి. పెద్దల ముందు ఆవిడని అనరాని మాటన్నాడు. ఆ తర్వాత ఆ ఇంటి వైపు చూడటం మానేశాం. పైగా మామూలు రోజుల్లో పేటవాళ్లం ఆ ఇంటి అరుగు దాకానే. లోపలికి ఎప్పుడూ వెళ్లలేదు.

అలాంటి ఇంటి తలుపు మా నాన్న ఆ రాత్రి కొట్టాడు. గాలికి తలుపు తీయడం కూడా కష్టమే. ఆవిడే తీసింది. లాంతరు వెలుగులో మా నాన్న ముఖం చూసింది. మా నాన్నకి నోట మాట రాలేదు. ఆవిడ ఒక్కటే మాటంది. "పిల్లల్ని లోపలికి తీసుకురా. తగువు గట్టు మీద ఉంది గానీ పిల్లల మీద లేదు కదా."

మేం ఆ మాట ఎప్పుడూ మర్చిపోలేదు. మా నాన్న చనిపోయేదాకా చెప్పేవాడు.

ఆ రెండు గదుల డాబాలో ఆ రాత్రి ముప్పైమంది దాకా ఉన్నాం. తెల్లవారాక ఆవిడ పెద్ద గుండిగ పెట్టి గంజి కాచింది. తడిసిన బియ్యం ముందు వండించింది, పొడి బియ్యం దాచింది, ఎందుకంటే ఎన్నాళ్లుండాలో ఎవరికీ తెలీదు. చెరువుల్లో నీళ్లు పాడైపోయాయి, చచ్చిన పశువులు ఎక్కడపడితే అక్కడ. పడిపోయిన చెట్ల బొండాలే మంచినీళ్లు. పదకొండు రోజులు మేము ఆ ఇంట్లో తిన్నాం. పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ గట్టు మాట గానీ, మా నాన్న అన్న మాట గానీ ఆవిడ ఎత్తలేదు.

ఆ వారం ఆదివారం 10వ తారీఖు. ఆరోజు దీపావళి కూడా. ఊళ్లో ఎవరింట్లోనూ దీపం లేదు. మేము పైకప్పు లేని మందిరంలో కూడుకున్నాం. పాట ఎత్తుకుంటే గొంతు రాలేదు ఎవరికీ. ఆరోజు దేవుని కృప గురించి ఎవరైనా ప్రసంగం చేసి ఉంటే నాకు కోపం వచ్చేదేమో. కానీ మా నాయనమ్మ ఇంటికొస్తూ, ఇంటికంటే ఆ డాబాకే, దారిలో అంది. "దేవుడు మన్ని వదిలేశాడని నిన్న అనుకున్నాను రా. వదిలేస్తే ఆవిడ తలుపు ఎందుకు తీస్తుంది?"

స్నేహితులారా, కొంచెం ఇక్కడ ఆగుదాం.

తుఫాను దేవుడు పంపాడా అని చాలామంది అడుగుతారు. ఎందుకు పంపాడో, ఎవరి పాపానికి పంపాడో వివరంగా చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. నేను అలా చెప్పను. వేటకి వెళ్లి తిరిగి రాని భర్త కోసం ఒడ్డున కూర్చున్న స్త్రీ దగ్గరకెళ్లి "ఇదంతా నీ మేలుకేనమ్మా" అని చెప్పే ధైర్యం నాకు లేదు. యోబు స్నేహితులు అలాంటి వివరణలే ఇచ్చారు. చివరికి దేవుడు వాళ్ల మీద కోప్పడ్డాడు. వాళ్లు చేసిన మంచిపని ఒక్కటే, వచ్చిన కొత్తలో ఏడు రోజులు మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చోవడం.

తుఫాను ఎందుకొచ్చిందో నాకు తెలీదు. తుఫానులో ఎవరు తలుపు తీశారో నాకు తెలుసు. నా మట్టుకు కష్టంలో కృప అంటే అది. కష్టం ఎందుకన్న ప్రశ్నకి జవాబు దొరకదు చాలాసార్లు. కానీ ఆ ప్రశ్న పక్కన ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు. అపొస్తలుడైన పౌలుకి శరీరంలో ఏదో ముల్లు ఉండేదని కొరింథీయులకి రాసిన రెండో పత్రికలో చదువుతాం. అది తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. ముల్లు ఉండగానే బతకడానికి సరిపోయే కృప వచ్చింది. మనం ముల్లు పోతేనే కృప అనుకుంటాం. బిల్లు కట్టేస్తేనే, రోగం తగ్గితేనే, వీసా వస్తేనే కృప అనుకుంటాం. ముల్లు ఉన్న కాలితో నడిపించేది కూడా కృపేనండి.

ఇంకో సంగతి చూడండి. మాకు కృప వచ్చింది ఎవరి చేతి మీదుగా? మా మందిరానికి ఎప్పుడూ రాని ఆవిడ చేతి మీదుగా. మా నాన్న తిట్టిన ఆవిడ చేతి మీదుగా. మనం పొందడానికి అర్హత లేనిదాన్నే కదా కృప అంటాం. కూలి అయితే పని చేస్తే వస్తుంది. అప్పు అయితే తీర్చాలి. మేము ఆవిడకి పని చేయలేదు, ఆవిడ మాకు బాకీ లేదు. నిజానికి మేమే ఆవిడకి ఒక క్షమాపణ బాకీ ఉన్నాం.

పెద్దమ్మగారిని మా అమ్మ ఒకసారి అడిగింది, "అంతమందికి ఎలా పెట్టారమ్మా, మీ ఇంట్లోవాళ్లకి ఉంటుందో లేదో అనుకోలేదా?" అని. ఆవిడ నవ్వి, "సీతమ్మగారు పుట్టిన గడ్డ కదా ఇది, పెట్టకపోతే సిగ్గు కాదూ" అంది.

సీతమ్మగారంటే డొక్కా సీతమ్మగారు. 1841లో మండపేటలో పుట్టారు. డొక్కా జోగన్నగారిని పెళ్లి చేసుకుని లంకల గన్నవరం వచ్చారు. ఆ రోజుల్లో గోదావరి పాయలు దాటుకుంటూ, పడవల్లో, కాలినడకన వచ్చే బాటసారులకి ఆ ఇల్లే ఆధారం. ఏ వేళ వచ్చినా, ఏ కులం వాళ్లు వచ్చినా అన్నం పెట్టేవారని చెప్తారు. ఒకసారి భార్యాభర్తలిద్దరూ అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఒక పెళ్లిబృందం ఎదురైంది. వాళ్లు ఆకలితో ఉన్నారు, "గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు, ఇంకొంచెం దూరమే" అని పిల్లల్ని సముదాయించుకుంటున్నారు. అది విని ఆవిడ అంతర్వేది ప్రయాణం మానేసి వెనక్కి తిరిగి ఇంటికొచ్చి వాళ్లకి వండి పెట్టారని మా ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆవిడ 1909లో కన్నుమూశారు. ఇప్పుడు గన్నవరం దగ్గర వైనతేయ మీదున్న అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. 2024 నుంచి మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి కూడా ఆవిడ పేరే.

ఆవిడ విశ్వాసం వేరు, నా విశ్వాసం వేరు. అయినా ఆ కథ విన్నప్పుడల్లా నాకు లూకా సువార్తలో మంచి సమరయుడు గుర్తొస్తాడు. అక్కడ గుడి పని చేసేవాళ్లు దెబ్బలు తిన్నవాణ్ణి చూసి పక్కనుంచి వెళ్లిపోయారు. ఇక్కడ ఈవిడ ఆకలిగొన్నవాళ్ల కోసం గుడి ప్రయాణమే మానుకుని వెనక్కొచ్చింది. యేసు ప్రభువు ఆ ఉపమానం చెప్పి, నువ్వూ వెళ్లి అలాగే చెయ్యి అన్నాడు. ఎవరు ఏ మతం అని ఆయన ఆ మనిషికి పరీక్ష పెట్టలేదు. ఎవరు ఆగారు అన్నదే చూశాడు.

ఇక ఇప్పుడు నా సంగతికి వస్తాను.

తుఫానుకి ముందు మా నాన్న ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర కాయల మీద 6,000 రూపాయలు అడ్వాన్సు తీసుకున్నాడు. ఆయనది లంకల వైపు ఊరు. పేరు చెప్పను. తుఫానుకి చెట్లు పోయాయి, కాయ ఎక్కడ్నుంచి వస్తుంది? కొత్త మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. ఆ సంగతి కొబ్బరి వ్యాపారికి మనం చెప్పక్కర్లేదు. కొందరు వ్యాపారులు ఆ ఏడాది బాకీలు వదిలేశారు, కొందరు గడువిచ్చారు. ఈయన మాత్రం పడిపోయిన చెట్లు చూస్తూనే మా నాన్న చేత నోటు రాయించుకున్నాడు. నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ. 1998లో మా అమ్మ కువైట్ వెళ్లింది ఇంటిపనికి. అక్కడ మొదటి ఏడాది జీతం ఏజెంటు బాకీకే సరిపోయింది. 1999 వచ్చేసరికి అసలూ వడ్డీ కలిపి 12 వేలు దాటింది. ఆయన వచ్చి మా ముప్పై సెంట్లలో పాకకి చోటు వదిలి మిగతాది రాయించుకుపోయాడు. ఆరోజు మా నాన్న ఆయన కాళ్లు పట్టుకోవడం నేను చూశాను. నాకు 14 ఏళ్లు. పాక వెనక మిగిలిన చోట మా నాన్న ఐదు కొబ్బరి మొక్కలు పెట్టాడు. ఆ కాయలు చూడకుండానే పోయాడు.

నేను పెద్దవాణ్ణయ్యాను, రక్షణ పొందాను, బాప్తిస్మం తీసుకున్నాను, వాక్యం చెప్పడం మొదలుపెట్టాను. క్షమాపణ మీద ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ మనిషిని క్షమించానా అని ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

2022 జూలై. మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది మే నెలలో జిల్లా పేరు విషయంలో అమలాపురంలో గొడవలు జరిగాయి, ఇళ్లు కాలాయి, చాలా రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. ఊళ్లలో ఒకళ్లనొకళ్లు అనుమానంగా చూసుకునే రోజులు. రెండు నెలలు తిరక్కుండానే గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టు వరద తర్వాత అంత నీరు రావడం అదే. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా కిందికి వదిలారు. లంకలన్నీ మునిగాయి. నీళ్లకి పేట, ఊరు అన్న తేడా తెలీదు. అందరూ ఏటిగట్టు మీదికే చేరారు.

మా సంఘం యువకులం కలిసి పులిహోర పొట్లాలు కట్టాం. మంచినీళ్ల ప్యాకెట్లు, బిస్కెట్లు, కొవ్వొత్తులు గోనెసంచుల్లో వేసుకుని నాటుపడవ మీద లంకల్లోకి వెళ్లాం. సాయంత్రం అవుతోంది. ఒక ఊళ్లో ఇంటి మేడమెట్ల మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. కింద నాలుగు మెట్లు నీళ్లలో ఉన్నాయి. పడవ దగ్గరికి పోనిచ్చి పొట్లం అందించాను. అప్పుడు ముఖం చూశాను. ఆయనే. ఇరవై మూడేళ్ల తర్వాత.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. పొట్లం తీసుకుని, "బాబూ, ఇంకొకటుంటే ఇవ్వండి బాబూ. లోపల మా ఆడమనిషి మంచం మీద ఉంది, లేవలేదు" అన్నాడు.

నేను "అయిపోయాయండి" అన్నాను.

అయిపోలేదు. నా కాళ్ల దగ్గర సంచిలో ఇంకా నాలుగు పొట్లాలున్నాయి. నా చేత్తో నేనే కట్టినవి.

పడవ తిప్పించేశాను. పక్కనున్న కుర్రాడు నా వైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. ఒడ్డుకొచ్చాక ఆ నాలుగు పొట్లాలు గట్టు మీదున్న ఎవరికో ఇచ్చేశాను. ఇంటికొచ్చి స్నానం చేసి అన్నం ముందు కూర్చున్నాను. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే ఒక తలుపు కనపడింది. లాంతరు పట్టుకున్న ఆవిడ కనపడింది. తగువు గట్టు మీద ఉంది గానీ... ఆ మాట వినపడింది. నాకు ముద్ద దిగలేదండి.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఒక ఉపమానం ఉంది. ఒక దాసుడు రాజుకి పదివేల తలాంతులు అచ్చియున్నాడు. రాజు కనికరించి మొత్తం వదిలేశాడు. వాడు బయటికొచ్చి, తనకి నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. మనం ఈ కథ చెప్పేటప్పుడు నూరు దేనారాలంటే ఏదో చిల్లర అన్నట్టు చెప్పేస్తాం. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. ఆ రాత్రి మళ్లీ లెక్క చూశాను. దేనారమంటే ఆ రోజుల్లో ఒక కూలివాడి రోజు కూలి. నూరు దేనారాలంటే వంద రోజుల కూలి. మన ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు ఒక కుటుంబానికి ఏడాదికి ఇస్తామన్న పని కూడా వంద రోజులే. పేటలో ఏ ఇంట్లోనైనా అడగండి, వంద రోజుల కూలి పోతే చిన్న విషయమా అని. కాదు. పిల్లల ఫీజులు పోతాయి, మందులు ఆగిపోతాయి.

అంటే మనకి ఇతరులు చేసిన అన్యాయం చిన్నదని ప్రభువు అనలేదు. నిజంగానే బాకీ ఉంది. నిజంగానే బరువైన బాకీ. మా ముప్పై సెంట్లు నిజం. మా నాన్న కన్నీళ్లు నిజం. కానీ అటువైపు లెక్క చూడండి. ఒక తలాంతు అంటే సుమారు ఆరువేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడొందల రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు పడుతుంది. అంటే తీరేది కాదు. ఆ తీరని బాకీ వదిలించుకున్నవాణ్ణి నేను. వదిలించుకుని, బయటికొచ్చి, వంద రోజుల బాకీ కోసం మంచం మీదున్న ఒక ముసలమ్మ నోటి దగ్గర అన్నం ఆపాను. ఆవిడ మా నాన్న చేత ఏ నోటూ రాయించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే పడవవాణ్ణి బతిమాలి మళ్లీ వెళ్లాను. అన్నం, మజ్జిగ, బీపీ మాత్రలు అడిగి తెలుసుకుని అవీ తీసుకెళ్లాను. ఆయన, "నిన్న వచ్చిన బాబు కదూ, ఎవరబ్బాయివి నువ్వు?" అన్నాడు. మా ఊరి పేరు చెప్పాను. మా నాన్న పేరు చెప్పాను. నిన్న పొట్లాలున్నాయని, ఉండి కూడా లేవన్నానని చెప్పాను.

ఆయన చాలాసేపు నీళ్ల వైపు చూశాడు. "మీ నాన్న ఉన్నాడా?" అన్నాడు. "లేడండి" అన్నాను. అంతే. క్షమించమని ఆయన అడగలేదు. నేను క్షమించానని చెప్పలేదు. లోపలికి పద అన్నట్టు చెయ్యి చూపించాడు. వెళ్లి ఆవిడకి నేనే తినిపించాను, ఆయన చేతులు వణుకుతున్నాయి కాబట్టి.

ఇది విని, ఆహా అన్నీ సర్దుకున్నాయి అనుకోకండి. ఆ భూమి తిరిగి రాలేదు. ఆ చోటు మీదుగా వెళ్లినప్పుడల్లా ఇప్పటికీ కలుక్కుమంటుంది. అప్పుడు మళ్లీ క్షమించాలి. డెబ్బై ఏళ్ల మారులు అంటే వేర్వేరు తప్పులకే కాదు, ఒకే తప్పుని అన్నిసార్లు క్షమించాల్సి వస్తుందని ఇప్పుడు అర్థమవుతోంది నాకు.

వెళ్లేముందు మూడు మాటలు చెప్తాను, మీకు పనికొస్తాయేమో చూడండి.

ఒకటి. మీరు ఇప్పుడు కష్టంలో ఉంటే, ముల్లు పోలేదని కృప రాలేదనుకోకండి. మీ కోసం ఎవరు తలుపు తీశారో గుర్తు చేసుకోండి. హాస్పిటల్లో రాత్రంతా కూర్చున్న తోడు, అడగకుండా రీఛార్జి వేయించిన స్నేహితురాలు, అద్దె అడగని నెల. ఈ రాత్రి ఒక కాగితం మీద ఆ పేర్లు రాయండి. మీకు నచ్చని మనిషి పేరు ఉన్నా రాయండి.

రెండు. కష్టంలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్తే వివరణలు పట్టుకెళ్లొద్దు. అన్నం పట్టుకెళ్లండి, మందులు పట్టుకెళ్లండి, కాసేపు కూర్చోండి. దేవుడు ఎందుకిలా చేశాడో చెప్పే పని మనకి అప్పజెప్పలేదు.

మూడు. క్షమించడమంటే అన్యాయాన్ని న్యాయం అనడం కాదు. మిమ్మల్ని కొట్టే మనిషి దగ్గరికి తిరిగి వెళ్లమని నేను చెప్పడం లేదు. మోసం జరిగితే కాగితాలు పట్టుకుని న్యాయం అడగండి, తప్పు లేదు. కానీ అవతలి మనిషి ఆకలితో ఉన్నప్పుడు, మన సంచిలో పొట్లం ఉన్నప్పుడు, ఆ లెక్కని ఈ లెక్కలో కలపొద్దు. తగువు ఉంటే గట్టు మీద ఉండనివ్వండి. సంచిలోకి రానివ్వకండి.

మా పాక వెనక మా నాన్న పెట్టిన ఆ ఐదు చెట్లూ ఇప్పుడు బాగా కాస్తున్నాయి. ప్రతి దింపులో మొదటి గెల పెద్దమ్మగారి మనవడి ఇంటికి వెళ్తుంది. పోయిన దసరాకి రెండో గెల ఇంకో ఊరికి కూడా పంపాను. ఏ ఊరో మీకు తెలుసు.

ప్రార్థన చేసుకుందాం. కళ్లు మూసుకుందాం.

తండ్రీ, నీకు స్తోత్రం. మాకు తీరని బాకీ వదిలేశావు. తలుపు తీసినవాళ్ల చేతుల్లో నీ చెయ్యి మేము గుర్తుపట్టలేదు, క్షమించు. ఇప్పుడు నీళ్లలో, హాస్పిటల్లో, పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నవాళ్ల దగ్గరికి ఎవరో ఒకర్ని పంపు. ఆ ఎవరో మేమే అయితే, మా సంచిలో ఉన్నది లేదనకుండా మా నోటిని కాపాడు. మమ్మల్ని బాధపెట్టినవాళ్ల పేర్లు నీ ముందు పెడుతున్నాం. మా వల్ల కావడం లేదు, నీ కృప ఇవ్వు. యేసు ప్రభువు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

వచ్చే వారం మళ్లీ కలుసుకుందాం. ఈలోగా మీ సంచి ఒకసారి చూసుకోండి.